పోటుకు మునగని రాయి

మా వదినకి అనుమానం పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంతో వచ్చిందో నాకు తెలీదు. నేను చూసేసరికే ఉంది. తాళం వేసి ఒకసారి లాగి చూస్తుంది. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, ఇంకోసారి లాగుతుంది. ఆ తర్వాత నన్ను లాగమంటుంది. గోడ గడియారం చూశాక చేతి గడియారం చూసుకుంటుంది. రెండూ ఒకటే చెప్తే, "రెండూ కలిసి తప్పు చెప్తున్నాయేమో" అంటుంది. కొత్తచోట దారి అడగాలంటే ఇద్దరిని అడగాలి, అదీ ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా. బట్టల కొట్టుకి సొంత టేపు పట్టుకెళ్ళే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను రోజూ చూస్తాను. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే ఆఫీసులో పని చేస్తాం, ఒకే బస్సెక్కుతాం. ఆడపడుచుని కదా, నా ఖర్మ.

ఆఫీసులో ఆమెను 'మళ్ళీచూడు మేడం' అంటారు. ఎదురుగా కాదులెండి, ఆ ధైర్యం ఎవరికుంది? ఎవరేం తెచ్చి చూపించినా ఆమె నోట మొదట వచ్చే మాట, "మళ్ళీ చూడండి."

మా ఆఫీసు పని దేశానికి సముద్రంలో హద్దు గీయడం. ఆ మాట వినగానే జనం నవ్వుతారు. బస్సులో ఒకావిడ, "నీళ్ళ మీద గీత ఎలా గీస్తారమ్మా, సుద్దముక్కతోనా?" అని అడిగింది. గీత నీళ్ళ మీద ఉండదు, కంప్యూటర్లో ఉంటుంది. తీరం వెంట, దీవుల కొసల మీద, అక్కడక్కడా నీళ్ళలో తేలిన రాళ్ళ మీద మాకు బిందువులున్నాయి. ఒక్కోదానికీ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. వాటి నుంచి కొలుచుకుంటూ పోతే ఎంత దూరం దాకా నీళ్ళు మనవో తేలుతుంది. ఒక బిందువు పక్కకి జరిగితే దాంతోపాటు సముద్రం కూడా జరుగుతుంది. జాలర్లు ఎక్కడి దాకా వల వెయ్యొచ్చు, ఎవరి పడవని ఎవరు పట్టుకోవచ్చు అన్నది ఆ బిందువుల మీదే ఉంది.

ఆ బిందువులన్నింటికీ కాపలా మా వదిన. పాత కాగితం పటాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు బోలెడు తప్పులు దొర్లుతాయి. భూమి ఆకారం గురించి ఒక్కో కాలం వాళ్ళది ఒక్కో లెక్క. ఒక లెక్కలో గీసిన పటాన్ని ఇంకో లెక్కలో పెడితే ఊళ్ళకి ఊళ్ళే పక్కకి జరుగుతాయి. ఒకసారి మా తీరంలోని లైట్‌హౌస్ స్క్రీను మీద నీళ్ళలో కనిపించింది. "కాళ్ళు కడుక్కోవడానికి దిగిందేమో" అని అందరూ పడీపడీ నవ్వారు. మా వదిన మాత్రం నవ్వకుండా కూర్చుని, అది ఏ పటంలోంచి వచ్చిందో, ఆ పటంలోంచి ఇంకేమేం వచ్చాయో తవ్వి తీసి, అన్నింటినీ ఒడ్డుకి చేర్చింది. పనిమంతురాలే, ఆ మాట నేను కాదనను. మనిషితోనే కష్టం.

నాది అదే ఆఫీసులో ప్రింటింగ్ గది. మంచం వెడల్పు కాగితం రోళ్ళు ఎక్కించి పటాలు తీసి ఇవ్వడం నా పని. అందరూ ఏం గీస్తున్నారో నాకు తెలుస్తుంది, ఎందుకు గీస్తున్నారో ఎవరూ చెప్పరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ఒళ్ళు మండుతుంది కాబట్టి అడక్కండి.

ఇక మా అన్నయ్య. సర్వే పడవ మీద పనిచేసి రిటైరయ్యాడు. వాడిని ఇప్పటికీ ఆఫీసులో 'రాయి సార్' అనే పిలుస్తారు. తీరానికి చాలా దూరంలో, నడిసముద్రంలో ఒక రాయి ఉంది. ఆటు వేళ నీళ్ళు తగ్గితే మంచమంత కనిపిస్తుంది. దాని మీదికి ఎక్కి, కొలిచి, వివరాలు తెచ్చింది మా అన్నయ్య. ఒడ్డుకి దగ్గరి రాళ్ళయితే మునిగినా తేలినా లెక్కలోకి వస్తాయి. ఇంత దూరంలో ఉన్నదానికి షరతు వేరు: పోటు వేళ కూడా మునగకుండా ఉంటేనే దాని చుట్టూ ఉన్న సముద్రం మనది. 'పోటుకు మునగదు, మోకాలెత్తు పైనే ఉంటుంది' అని మా అన్నయ్య రాశాడు. ఆ ఒక్క మాటతో దేశానికి బోలెడంత సముద్రం కలిసింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పాల్సిందే. నేను చిన్నప్పటి నుంచి వాడి వెనకే తిరిగినదాన్ని. ఎన్నిసార్లు విన్నా నా ఛాతీ పొంగేది.

మా వదినకి వాడు పరిచయమైందీ ఆ రాయి వల్లే. అప్పుడు ఆమె కొత్తగా చేరింది. వాడు తెచ్చిన వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆమెకిచ్చారు. ఆమె వాడితో మాట్లాడిన మొదటి మాట, "నిజంగా ఆ రాయి మీద కాలు పెట్టారా?" అని. ఎంత పొగరో చూడండి. వాడు ఏమాత్రం కోపం తెచ్చుకోకుండా, "పెట్టాను. పెట్టగానే జారి చతికిలపడ్డాను" అన్నాడట. గొప్పలు చెప్పుకునేవాడు జారానని చెప్పడు కదా అని ఆమె నమ్మేసింది. ఆ బిందువు కింద ఉన్న అసలు రీడింగులు తెప్పించి చూడకుండానే సరే అనేసింది. తర్వాత వాడిని చేసుకుంది. మా వదిన మళ్ళీ చూడకుండా ఒప్పుకున్నవి ఈ లోకంలో ఆ రెండే.

ఇప్పుడు దేశం తన హద్దుల ఫైలుని అంతర్జాతీయ సంఘానికి అప్పజెప్పాలి. పక్క దేశం వాళ్ళు ఏ బిందువునైనా వేలెత్తి చూపి, దీనికి ఆధారమేది అని అడగొచ్చు. అందుకని ప్రతి బిందువుకీ దాని అసలు రీడింగులు జత చెయ్యమని మా డైరెక్టర్ చెప్పాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయని మా వదిన సంతకం చేస్తేనే ఫైలు కదులుతుంది. స్టోరు గదిలో బూజు పట్టిన పెట్టెల్లోంచి పాత డిస్కులు బయటికొచ్చాయి. రాయి డిస్కు కూడా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చి, ఒక చిన్న పటం ప్రింటు తీసివ్వమంది. తీశాను. తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు, కొడవలిలా వంపు తిరిగి ఉన్నాయి. "ఏమిటిది, చంద్రవంకా?" అన్నాను.

మా వదిన నవ్వలేదు. తలుపు వేసి వచ్చింది.

"శాటిలైట్లతో చోటు కొలిచే మిషన్ని, అదే రిసీవర్ని, కదలని చోట పెట్టి వదిలేస్తే చుక్కలు ఎలా పడతాయో తెలుసా నీకు? పంచదార పలుకు చుట్టూ చీమలు మూగినట్టు ఒకేచోట పడతాయి. ఇవి చూడు."

"చూశాను. వంకరగా ఉన్నాయి. అయితే?"

"గుంజకి కట్టేసిన మేక గడ్డి ఎలా మేస్తుంది? తాడు ఎంత వరకు సాగితే అంత వరకు, గుండ్రంగా మేస్తుంది. లంగరు వేసిన పడవ కూడా అంతే. గాలికీ ప్రవాహానికీ అటూ ఇటూ తిరుగుతుంది. ఈ రీడింగులు తీసిన మిషన్ రాయి మీద లేదు. పడవలో ఉంది."

"ఎవరివి ఈ రీడింగులు?" అని అడిగాను. అడిగేటప్పటికే నాకు అర్థమైపోయింది.

"మీ అన్నయ్యవి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "లైట్‌హౌస్‌లు అయిపోయాయి, దీవులు అయిపోయాయి, చివరికి కట్టుకున్నవాడి మీద పడ్డావా? ఏ మిషన్ పాడై అలా గీసిందో! వాడు అబద్ధమాడతాడా?"

"ఆడడనే కదా ఇన్నేళ్ళూ చూడనిది" అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా కంచంలో ఏముందో నాకు తెలీదు. ఆమె ఎప్పుడు నోరు తెరుస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. చివరికి తెరిచింది.

"ఏమండీ, రాయి మీద మీరు కాలు పెట్టారు కదా?"

"అదేమిటి కొత్తగా? పెట్టాను" అన్నాడు మా అన్నయ్య.

"మిషన్ కూడా రాయి మీదే పెట్టారా?"

"పెట్టకపోతే నెత్తిన పెట్టుకుంటానా?" అని నవ్వి, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆమె వాడి మొహంలోకే చూసింది. నేను లోపల తిట్టుకున్నాను. ఇన్నేళ్ళూ వాడి పేరు ముందు తన పేరు ఎవరూ ఎత్తలేదని కుళ్ళు, ఇప్పుడు సందు దొరికింది అనుకున్నాను. నా అన్నయ్య పరువు నడిబజార్లో పడేస్తుందేమోనన్న భయంతో నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు డైరెక్టర్ గదికి ప్రింట్లు పట్టుకెళ్ళేసరికి మా వదిన అక్కడ నిలబడి ఉంది.

"మేడం, ఆఖరికి ఎంత తేడా? లంగరు తాడంత. సముద్రంలో అది గోరంత కూడా కాదు" అంటున్నాడు డైరెక్టర్. "సంతకం పెట్టండి, మంచిగా ముగించుకుందాం."

"మిషన్ పడవలో ఉన్నప్పుడు రాయి మునగదని ఎవరు చూశారు సార్? ఆ మాటకి ఆధారం లేదు. మళ్ళీ సర్వే చేయించాలి."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇన్నేళ్ళు లేని అనుమానం ఫైలు వెళ్ళే ముందే ఎందుకొచ్చింది? పక్క దేశం వాళ్ళెవరైనా మీతో మాట్లాడారా?"

మా వదిన మొహం కందగడ్డయింది. "మాట్లాడి ఉంటే మీ దగ్గరికెందుకు వస్తాను సార్? నోరు మూసుకుని సంతకం పెట్టేదాన్ని, వాళ్ళే పట్టుకునేవాళ్ళు."

"అంత పట్టుదలైతే పడవ ఇస్తాను. వెళ్ళి ఆ రాయి మీద కూర్చుని చూసుకోండి!" అని ఆయన చిరాగ్గా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వెందుకమ్మా ఇక్కడ, ప్రింట్లు పెట్టి వెళ్ళు" అన్నాడు.

సాయంత్రానికల్లా ఆ పక్క దేశం మాట అన్ని గదుల్లోకీ పాకింది. ఆమె నడిచి వస్తుంటే పక్క సీట్ల వాళ్ళు స్క్రీన్లు ఆపేసేవారు. క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమెకి ఎవరు ఫోన్ చేస్తున్నారో కనుక్కోమని నన్నే అడిగాడు ఒక మహానుభావుడు. "మా ఇంటి మనిషి గురించి నన్నడగడానికి నీకెన్ని గుండెలు?" అని గడ్డి పెట్టి పంపించాను. బయటివాళ్ళు అంటే నాకు పడదు. నేను అనుకోవడం వేరు.

ఇంట్లో మా అన్నయ్య మెల్లగా మారిపోయాడు. పై అంతస్తు ఆయన బంధువుల్ని వెంటబెట్టుకొచ్చి, "ఆ రాయి కథ వీళ్ళకి ఒకసారి చెప్పండి" అని అడిగితే, మొక్కలకి నీళ్ళు పోయాలంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. పొద్దున పోసిన కుండీలకే మళ్ళీ పోశాడు. నీళ్ళు పొంగి కింది అంతస్తు వాళ్ళ బట్టల మీద పడ్డాయి, వాళ్ళతో గొడవ. అప్పుడు మొదటిసారి నాకు లోపల ఏదో ముల్లులా గుచ్చుకుంది. వాడిని అనుమానించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆ ముల్లు పోలేదు.

మా వదిన ఏదో తలపెట్టిందని నాకు వాసన తగిలింది. ఆమె స్నానానికి వెళ్ళగానే సంచి వెతికాను. వెతికితే తప్పేముంది, ఇల్లు మాది కాదా? వెడల్పు అంచు టోపీ ఉంది, నీళ్ళ సీసా ఉంది, పడవ ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు ఉన్నాయి. పరుగున వెళ్ళి మా అన్నయ్య చెవిలో వేశాను: "అది రాయి దగ్గరికి పోతోంది! డైరెక్టర్ పడవ ఇస్తానన్నాడు."

వాడు వింటూ ఉన్నవాడల్లా కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు.

"రేపు పొద్దున" అంది మా వదిన, వెనక నుంచి. తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో.

తెల్లారింది. ఆమె టోపీ, సంచి పట్టుకుని బయల్దేరింది. మా అన్నయ్య తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. రాత్రంతా పడుకోలేదని వాడి కళ్ళే చెప్తున్నాయి.

"రాయి ఎక్కుతావా?" అన్నాడు.

"ఎక్కుతాను. రిసీవర్ పెట్టుకుని, పోటు వచ్చి తగ్గేదాకా దాని మీదే కూర్చుంటాను. పడవని దూరంగా పొమ్మంటాను. దగ్గరుంటే మళ్ళీ అందులోనే కొలిచిందంటారు."

"నీకు ఈత రాదు."

"ఈతెందుకు? మోకాలెత్తు పైనే ఉంటుందని మీరే రాశారుగా."

మా అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "కెరటాలు పెద్దవి. ఆటు ఉండగానే దిగిపో. నా మాట విను."

"పోటు చూడ్డానికే వెళ్తున్నాను. ఆటుకి దిగిపోతే ఏం చూసినట్టు? జరగండి."

వాడు జరిగాడు. నేను చూస్తూండగానే జరిగాడు. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆ మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వింటూ నేను వాడి వైపే చూస్తున్నాను. ఒరేయ్, ఏమైనా ఉంటే చెప్పరా, చెప్పరా అని మనసులో అరుస్తున్నాను. నా అన్నయ్యని ఒరేయ్ అనుకోవడం అదే మొదలు.

"ఆగు!" అని వాడు అరిచిన అరుపుకి కింది అంతస్తు తలుపు తెరుచుకుంది. "ఆగవే! మునుగుతుంది! ఆ రాయి మునుగుతుంది!"

మెట్ల మలుపులో ఆమె ఆగింది.

వాడు పైమెట్టు మీదే కూలబడ్డాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతూ వచ్చాయి. "కాలు పెట్టింది నిజం. జారింది నిజం. మిషన్ బిగించి కూర్చున్నాను. పోటు మొదలైంది. పాదాలు తడిశాయి, మోకాళ్ళు తడిశాయి, నడుం దాకా వచ్చాయి నీళ్ళు. మిషన్ నెత్తిన పెట్టుకున్నాను. పడవ వాళ్ళు తాడు విసిరి లాక్కున్నారు. మిగతా కొలతలు పడవలో కూర్చునే తీశాను. ఒడ్డున అందరూ నా కోసం ఎదురు చూస్తున్నారు. రాయి దొరికిందా అన్నారు, దొరికిందన్నాను. మునగదు కదా అన్నారు. వాళ్ళ మొహాలు చూసి, మునగదన్నాను. ఆ ఒక్క మాటే. తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే రోజు రాలేదు నాకు."

నాకు ఏడుపు ఆగలేదు. చిన్నప్పటి నుంచి వాడిని తలెత్తి చూసినదాన్ని, మెట్ల మీద వాడి నడినెత్తి చూస్తూ ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. ఆ కథ విని పొంగిపోయిన నా రోజులన్నీ ఎవరిస్తారు?

మా వదిన మెల్లగా పైకి వచ్చి వాడి పక్కన కూర్చుంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "కాలు పెట్టారా అని అడిగాను, పెట్టానన్నారు. నిజమే చెప్పారు. నీళ్ళ సంగతి నేను అడగలేదు. బద్ధకానికి పడవలో కూర్చునే మనిషి కారు మీరు. రాయి ఎక్కినవాడు మిషన్ తీసుకుని పడవలోకి ఎందుకొచ్చాడా అని ఆలోచిస్తే నీళ్ళు తప్ప ఇంకేం తోచలేదు నాకు."

"తెలిసి కూడా వెళ్దామనుకున్నావా?" అన్నాడు వాడు, తెల్లబోయి.

"పడవ లేదు ఇవాళ. నేనింకా అడగనే లేదు."

నేను ఏడుపు ఆపి నోరు వెళ్ళబెట్టాను. "మరి ఆ మాత్రలు?"

"నా సంచి నువ్వు వెతుకుతావనీ, వెతికి మీ అన్నయ్యకి చెప్తావనీ నాకు తెలీదా?" అంది ఆమె. నవ్వలేదు, వెక్కిరించనూ లేదు. ఇంకోరోజైతే ఇల్లెగిరిపోయేలా పోట్లాడేదాన్ని. నాకు ఓపిక లేకపోయింది.

కింది అంతస్తు ఆవిడ "ఏదైనా కావాలా?" అని అడిగి, మా ముగ్గురి మొహాలూ చూసి తలుపు వేసుకుంది. చివరికి మా అన్నయ్య లేచి, లోపలికి వెళ్ళి, ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. "పద. డైరెక్టర్‌కి నేనే చెప్తాను. ఆ బిందువు తీసేయండి" అన్నాడు. తీసేస్తే సముద్రం ఎంత పోతుందో, తన పేరు ఏమవుతుందో వాడికి తెలుసు. చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుంటే ఆమె లేచి సరిగ్గా పెట్టింది.

పై బొత్తాం పెడుతుండగా వాడు అడిగాడు. "ఒకవేళ నేను నోరు తెరవకపోతే? నువ్వు కిందికి దిగి వెళ్ళిపోతుంటే చూస్తూ ఊరుకుంటే? ఏం చేసేదానివి?"

మా వదిన బొత్తాం మీంచి చెయ్యి తియ్యలేదు.

"అప్పుడు నిజంగానే పడవ అడిగేదాన్ని" అంది.